పక్కనుంచి వచ్చే మనుషులు

మనుషులు చప్పుడు చేయకుండా పక్కనుంచి రావడం మొదలుపెట్టినప్పుడు నాకు నలభై నాలుగేళ్ళు. మొదట పెళ్ళాం, తర్వాత పక్కింటివాళ్ళు, ఆ తర్వాత వర్క్‌షాపులో తోటిపనివాళ్ళు. చూస్తే ఎవరూ ఉండేవారు కాదు, అంతలోనే మీద పడ్డట్టు ఉండేవారు. అందరూ కలిసి నామీద ఏదో పన్నాగం పన్నుతున్నారని గట్టిగా నమ్మాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగానే ఉంది. అయినా రాస్తున్నాను. నాలాగే కంటిమందు సీసాని ముద్దుగా దాచుకుని మనుషుల్ని అనుమానించేవాళ్ళు ఇంకా ఉండే ఉంటారు. మధ్యలో నామీద కోపం వస్తే తిట్టుకోండి, చివరిదాకా మాత్రం చదవండి.

మాది పాలకొండ వైపు. మా నాన్న ఖరగ్‌పూర్ వచ్చి రైల్వే వర్క్‌షాపులో కొలిమి దగ్గర చేరాడు, ఆయన వెనకాలే నేనూ చేరాను. ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో క్వార్టరు. నా పని క్రేను నడపడం. షెడ్డు కప్పు కింద రెండు పట్టాల మీద ఆ చివరినుంచి ఈ చివరికి తిరిగే క్రేను అది. దానికి వేలాడే చిన్న గదిలో కూర్చుని బాయిలర్లూ చక్రాలూ ఎత్తి, చెప్పిన చోట దించాలి. ఆ చప్పుడులో నోటిమాట వినబడదు. కింద ఒక మనిషి నిలబడి చెయ్యి ఊపుతాడు, ఆ చేతిని బట్టి పైన నేను మీటలు తిప్పుతాను. నాకు చెయ్యి చూపించేవాడు నిమాయి అనే బెంగాలీ. సుభాష్‌పల్లిలో ఉండేవాడు, మా తెలుగువాళ్ళ మధ్య పనిచేసి చేసి మాకంటే ఎక్కువ యాసతో తెలుగు మాట్లాడేవాడు.

అనుమానం నాకు ముందునుంచీ ఉన్న గుణమే. వంకాయలు కొన్నా తక్కెడ పళ్ళెం కింద చెయ్యి పెట్టి తడిమి చూసే రకాన్ని. నా భార్య గౌరమ్మ దానికి అలవాటుపడిపోయింది. ఆ ఏడాది వచ్చిన అనుమానాలు మాత్రం వేరు.

అరవైలు అయిపోవస్తున్న రోజులు. వానలు వెనకబడుతుండగా కుడికంటి మూలలో మెరుపులు మొదలయ్యాయి. వెల్డింగు చేసేవాళ్ళ నిప్పురవ్వల వెలుగే అనుకున్నాను. ఇంటికొచ్చి కళ్ళు మూసుకున్నా మెరిసేసరికి అనుమానమొచ్చింది. మూడోరోజున కంటి కిందనుంచి నల్లటి తెర లేవడం మొదలైంది. కుడికంటితో చూస్తే గౌరి ముఖం ఉంది, మెడ లేదు. కంటి వెనకాల ఉండే పొర ఊడి వస్తోందని, వెంటనే కలకత్తా వెళ్ళాలని రైల్వే డాక్టరు చెప్పాడు.

కలకత్తాలో పెద్ద కళ్ళాసుపత్రి. బయట వరండాలో బెంచీల మీద ఎవరిని చూసినా ఒక కంటికి కట్టు. పిలుపు కోసం మేము రెండురోజులు అక్కడే కూర్చున్నాం. పక్కనున్న బెంగాలీ ముసలమ్మ తన కొంగులోని మరమరాలు తీసి, అడక్కుండానే గౌరి ఒళ్ళో పోసింది. ఊరూ పేరూ తెలియని మనిషి ఎందుకు పెడుతోందా అని నేను ముట్టుకోలేదు. గౌరి మాత్రం సగం తిని, "నువ్వు ఆకలితో సావు" అంది.

ఆపరేషనయ్యాక రెండు కళ్ళకీ కట్టు కట్టి, తలకి అటూ ఇటూ ఇసక మూటలు పెట్టారు. తల కదిలిస్తే పొర మళ్ళీ ఊడిపోతుందన్నారు. పందొమ్మిది రోజులు అలా వెల్లకిలా పడి ఉన్నాను. వీపు దురద పెడితే నరకమే. ఆ వార్డులో ఒక ఆయా ఉండేది, అందరూ దీదీ అనేవారు. ఆవిడ దువ్వెన పిడిని పరుపుకీ నా వీపుకీ మధ్య దూర్చి మెల్లగా గోకేది. ఆ సుఖం తల్చుకుంటే ఇప్పటికీ ఆవిడకి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. మిగతా వేళంతా చెవులు రిక్కించి పడుకునేవాణ్ణి. గుమ్మం దగ్గర డాక్టరూ గౌరీ గుసగుసలాడేవారు.

"ఏటే ఆ మాటలు?" అనేవాణ్ణి.

"నువ్వు అన్నం తింతన్నావా లేదా అని అడుగుతన్నాడు."

"దానికి గుమ్మం దాకా ఎల్లాలా?"

కన్ను పోయిందని నాకు చెప్పకుండా దాస్తున్నారని తేల్చేసుకున్నాను. కట్టు విప్పినరోజున కిటికీ ఊచలు కనబడ్డాయి. ఏడుపొచ్చింది. కన్ను బతికింది. వచ్చేముందు డాక్టరు చుక్కల మందు సీసా ఒకటి ఇచ్చి, హిందీలో రెండుసార్లు చెప్పాడు. "ఇది ఒక్క నెల. ఆ తర్వాత ఒక్క చుక్క కూడా వద్దు. నెలకి తప్పకుండా వచ్చి చూపించుకో." గౌరి తల ఊపింది. నేనూ ఊపాను.

దుర్గా పూజ వెళ్ళాక పనిలోకి వెళ్ళాను. క్రేను ఇవ్వలేదు, కొన్నాళ్ళు తేలిక పని చేయమన్నారు. పనిముట్ల గదిలో కూర్చుని స్పానర్లు ఇచ్చి పుచ్చుకోవడం. పైన నా క్రేనులో ఇంకెవడో కూర్చున్నాడు, నా కడుపు మండిపోయేది. ఎలాగైనా మళ్ళీ ఎక్కాలి. కన్ను చూస్తేనేమో సాయంత్రానికి ఎర్రబడేది. ఎర్ర కళ్ళతో తిరిగేవాణ్ణి ఫోర్‌మేన్ పైకి ఎక్కించడు.

చుక్కలు వేసుకున్న నెలా కన్ను మల్లెపువ్వులా ఉంది. సీసా అయిపోగానే మళ్ళీ ఎరుపు. కలకత్తా వెళ్ళమని గౌరి సతాయించింది. వెళ్ళలేదు. కట్టు విప్పిన మర్నాడు ఆ డాక్టరు ఆరుగురు కుర్ర డాక్టర్లని వెంటబెట్టుకొచ్చి, ఒక్కొక్కరిచేతా నా కంట్లోకి లైటు వేయించాడు. వాళ్ళకి పాఠం చెప్పుకోడానికే నన్ను రమ్మంటున్నాడని నా అనుమానం. మన భాష రానివాడు, మన ఊరు తెలియనివాడు, వాడికి నా కంటి మీద ప్రేమేమిటి?

ఖరిదా బజారులో జోగారావు మందుల షాపు ఉండేది. ఒకప్పుడు ఎక్కడో కాంపౌండరుగా చేసినవాడు. మా ఊరికి వాళ్ళ ఊరు రెండు వాగులవతల. మా నాన్నని పేరు పెట్టి తల్చుకునేవాడు. మన తెలుగువాళ్ళకి ఏం కావాలన్నా డాక్టరు చీటీ అడక్కుండా ఇచ్చేవాడు, అదే అతని గొప్ప. ఖాళీ సీసా చూపించాను.

"ఇదా బావా? ఇది రాజామందు. దీనికి కలకత్తా దాకా ఎల్లాలేటి? నానున్నాను కదా!"

నా మొత్తం జీవితంలో నేను తిరిగి ప్రశ్నించనిది అతనొక్కణ్ణే. మనోడు. అంతే. ఆ రోజునుంచి సీసా అయిపోవడం, నేను వెళ్ళడం, అతను ఇంకోటి చేతిలో పెట్టడం. కుడికంటికి ఇంత మంచి చేసింది ఎడమకంటికి చెయ్యదా అని రెండింట్లోనూ వేసుకోవడం మొదలుపెట్టాను. ఆ తెలివి ఎవరూ చెప్పింది కాదు, పూర్తిగా నాదే.

హోలీ వెళ్ళాక కళ్ళ పరీక్ష పెట్టారు. ఎదురుగా గోడమీద అక్షరాలు, ఒక్కొక్క కంటితో గడగడ చదివేశాను. కళ్ళు తెల్లగా తళతళలాడుతున్నాయి. క్రేను మళ్ళీ నాదైంది. ఆపరేషన్ తర్వాత చుక్కలు మానేశావా అని పరీక్ష పెట్టినవాళ్ళు అడిగినా, గౌరి అడిగినా మానేశాననే చెప్పాను.

ఎండలు ముదిరేసరికి ఇంట్లో వస్తువులు పోవడం మొదలైంది. టీ గ్లాసు ఎడమపక్కన పెట్టుకుంటే ఉండేది కాదు. తువ్వాలు దండెం మీదనుంచి మాయం. కాసేపటికి అక్కడే దొరికేది. గౌరి నన్ను ఆటపట్టిస్తోందనుకున్నాను, తర్వాత పిచ్చివాణ్ణి చెయ్యాలని చూస్తోందనుకున్నాను. సాయంత్రం వీధి దీపాల చుట్టూ రంగురంగుల వలయాలు కనబడుతుంటే, నాసిరకం బల్బులు పెట్టారని కరెంటువాళ్ళని తిట్టాను. తలుపు రెక్క భుజానికి కొట్టుకుంటే, తెరిచి ఉంచినందుకు గౌరిని తిట్టాను.

వర్క్‌షాపు మనిషిని కదా, దొంగని పట్టుకోడానికి గుర్తు పెట్టాలనుకున్నాను. ఒక ఆదివారం పొద్దున్న షెడ్డునుంచి తెచ్చిన సుద్దముక్కతో అరుగు మీద గ్లాసు చుట్టూ గుండ్రంగా గీత గీశాను. ఎదురుగా వీధిలోకి చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి చెయ్యి చాపితే గ్లాసు లేదు. తల తిప్పకుండా ఓరకంట చూద్దును కదా, గీత కూడా లేదు.

"ఒసే గౌరీ! గ్లాసు తీస్తే తీశావు, గీత కూడా చెరిపేశావేటే?"

గౌరి వంటింట్లోంచి వచ్చింది. ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలియలేదు, ఒక్కసారిగా పక్కన ఉంది. నా గడ్డం పట్టుకుని ముఖం ఎడమకి తిప్పింది. గ్లాసు ఉంది. చుట్టూ గీత ఉంది.

"ఏటి ఇది? నీకేటైనాదయ్యా?" అంది. దాని గొంతులో భయం ఉంది. నేను దాన్ని నటన అనుకున్నాను. నేను అటు తిరిగేలోపల మళ్ళీ గీసి ఉంటుందని రోజంతా ఆలోచించాను. చెప్పుకుంటే నవ్వుతారు గానీ, దాని వేళ్ళకి సుద్ద అంటిందేమోనని కూడా చూశాను. ఆ తర్వాత చాలారోజులు మా ఇంట్లో అవసరమైన మాటలు తప్ప మాటల్లేవు.

విశ్వకర్మ పూజ ఇంకో పదిరోజులుందనగా ఆ ఘోరం జరగబోయింది. ఇరుసుతో సహా చక్రాల జత ఎత్తి షెడ్డు మధ్యనుంచి తెస్తున్నాను. నిమాయి ముందుకు రమ్మని చెయ్యి ఊపాడు, తెచ్చాను. తర్వాత వాడి చెయ్యి కనబడలేదు. ఇంకా ముందుకేనని తోశాను. ఒక్కసారిగా కింద అరుపులు. చూసేసరికి నిమాయి నేలమీద బోర్లా పడి ఉన్నాడు, వాడి టోపీ ఎగిరి ఆవల పడింది, ఇరుసు వాడి మీదుగా ఊగుతోంది. జానెడు తేడాలో బతికాడు.

నిచ్చెన దిగి వచ్చి, వణుకుతున్న మనిషిని లేవదీయాల్సింది పోయి, కాలరు పట్టుకున్నాను. "ఎక్కడ దాక్కున్నావురా? నన్ను కిందకి దింపించాలనా?"

"దాక్కోడమేటి దాదా? నీ ఎడంపక్క కంభం దగ్గరే ఉన్నాను. ఆపు ఆపు అని చెయ్యెత్తే ఉంచినాను. నువ్వు నా మొకం మీదికే తెచ్చేసినావు."

"అబద్ధం!"

వాడు చెయ్యి ఎత్తి నా చెవి పక్కగా ఊపాడట. నాకు తెలియదు, ఆ తర్వాత చెబితే తెలిసింది. ఫోర్‌మేన్ పరుగెత్తుకొస్తే, కాలు జారి పడ్డానని చెప్పాడు. చావబోయినవాడు నన్నెందుకు కాపాడతాడు? ఇంకా పెద్ద ఎత్తేదో వేస్తున్నాడనుకున్నాను.

ఆ మర్నాటినుంచి నా వెనకాల ఎవరో నడుస్తున్నట్టు తెలిసింది. షిఫ్టు అయ్యాక గేటునుంచి మా వీధిదాకా సైకిలు నడిపించుకొస్తున్న చప్పుడు. నేను ఆగితే అది ఆగేది. నాలుగోరోజున గిరుక్కున తిరిగి చూశాను. నిమాయి. సుభాష్‌పల్లి మనిషికి ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో పనేమిటి? ఆరోరోజున ఇంటికొచ్చేసరికి వీధి కొళాయి దగ్గర గౌరీ వాడూ నిలబడి మాట్లాడుకుంటున్నారు. నన్ను చూసి ఇద్దరూ నోరు మూసుకున్నారు. ఏమేమి అనరాని మాటలు అన్నానో ఇక్కడ రాయను. గౌరి బిందె కింద పెట్టి, అన్నీ విని, "రేపు కలకత్తా ఎల్తన్నాం" అంది.

"నేను రాను."

"రాకపోతే నాను తిన్నగా ఫోర్‌మేన్ కాడికెల్లి, నిన్ను కిరేను దింపమని కాళ్ళు పట్టుకుంతాను. నిమాయిని సంపి నువ్వు జైలుకెల్తే నానేటి సెయ్యాలి?"

క్రేను పోతుందన్న భయంతోనే రైలెక్కాను.

అదే వరండా, అవే బెంచీలు. అదే డాక్టరు, కొంచెం ముసలివాడైనట్టు కనబడ్డాడు. పడుకోబెట్టి, మందువేసి కంటిని మొద్దుబార్చి, నల్లగుడ్డు మీద చిన్న ఇనప పరికరం నిలబెట్టాడు. పైన ముల్లు కదిలింది. కంటి లోపల నీటి ఒత్తిడి కొలిచే గేజి అది. ఉండాల్సినదానికి రెండింతలు దాటి ఉందన్నాడు, రెండు కళ్ళలోనూ.

"మీ గేజి సరిచూసి ఎన్నాళ్ళయింది?" అన్నాను. ఇరవై ఏళ్ళు గేజిల మధ్య బతికినవాణ్ణి.

కోప్పడతాడనుకున్నాను. పెట్టెలోంచి చిన్న ఇనప దిమ్మ తీసి, పరికరాన్ని దానిమీద నిలబెట్టి నాకు చూపించాడు. ముల్లు సున్నా మీద ఆగింది. మా షెడ్డులో మేము చేసే పనే.

తర్వాత పక్కగదిలోకి తీసుకెళ్ళాడు. గోడకి తలుపంత నల్లగుడ్డ, మధ్యలో తెల్లటి చుక్క. ఒక కన్ను మూసుకుని ఆ చుక్కనే చూడాలి. డాక్టరు నల్లకర్ర చివర తెల్లపూస పెట్టి గుడ్డ మీద తిప్పుతాడు, పూస కనబడగానే చెప్పాలి. కూర్చున్నాను. పూస ఎంతకీ రాదు. వచ్చిందంటే చుక్క దగ్గరికి వచ్చాకే. రెండో కంటికీ అంతే. నాకు ఒళ్ళు మండింది.

"పూసని అరచేతిలో దాచి మధ్యలో తీస్తున్నారు. ఇది గారడీ."

డాక్టరు కర్రని గౌరి చేతికిచ్చి, తను నా వెనక్కి వచ్చి నిలబడ్డాడు.

"కనబడతన్నాదా?" అంది గౌరి.

"ముందు తిప్పవే."

"ఇప్పుడో?"

"తిప్పమంటే నీక్కాదూ?"

"ఓలమ్మో! ఇందాకట్నించీ తిప్పుతూనే ఉన్నాను కదయ్యా!"

తల తిప్పి చూశాను. పూస గౌరి చేతికర్ర చివర ఉంది, పట్టపగల్లా తెల్లగా, ఊగుతూ. గౌరి ఏడుస్తోంది. గ్లాసు, తువ్వాలు, తలుపు, నిమాయి చెయ్యి, అన్నీ ఎక్కడున్నవి అక్కడే ఉన్నాయి. వాటిని చూసే భాగమే నా కళ్ళలో లేదు. అంత భయం నేను మళ్ళీ ఎప్పుడూ పడలేదు.

ఏం మందులు వాడుతున్నావని డాక్టరు అడిగాడు. నేను నేల చూపులు చూశాను. గౌరి సంచిలోంచి మూడు సీసాలు తీసి బల్ల మీద పెట్టింది. ఎక్కడ దాచానో ఎప్పుడు కనిపెట్టిందో!

"ఒక్క నెల అన్నాను," అన్నాడు డాక్టరు.

"ఎరుపు పోతుందని..."

"కొందరి కళ్ళలో ఈ మందు ఎక్కువరోజులు పడితే లోపలి నీరు బయటికి పోదు. ఒత్తిడి పెరిగి వెనకాల నరాన్ని అంచులనుంచి చంపుకుంటూ వస్తుంది. నొప్పి ఉండదు. ఎదురుగా ఉన్నది చివరిదాకా కనబడుతూనే ఉంటుంది. ఇది ఎవరిచ్చారు?"

"మనోడు," అన్నాను. హిందీలో ఆ మాటకి ఏమనాలో తోచలేదు.

పోయింది తిరిగి రాదన్నాడు. మిగిలింది నిలబెట్టుకోడానికి కొత్త చుక్కలూ మాత్రలూ ఇచ్చాడు. తిరుగు రైల్లో గౌరి మెల్లగా చెప్పింది. "నిమాయిని నీ ఎనకాల నడవమన్నది నానే. రోడ్డు దాటినప్పుడు నీకు బస్సు కనబడతాదో లేదో అని. ఇంక తిట్టుకుంతే నన్ను తిట్టు." నేను ఏమీ తిట్టలేదు. కిటికీకి ముఖం ఆనించి ఏడ్చాను.

కొత్త మందు కంట్లో కారం కొట్టినట్టు మండేది. వేసుకున్న గంటసేపు లోకం మసక. మాత్రలకి వేళ్ళు తిమ్మిరి. బాధపెట్టే మందుని నమ్మడం నాకు చాలా కష్టమైంది. రెండుసార్లు పారబోయబోయి ఆగాను. గేజి ముల్లు మాత్రం నెమ్మదిగా దిగింది. ఫోర్‌మేన్‌కి నేనే వెళ్ళి చెప్పేశాను. క్రేను గదిలోంచి నా గొడుగూ చెంబూ తెచ్చుకుని మళ్ళీ పనిముట్ల గదిలో కూర్చున్నాను. ఆ రోజున అన్నం సహించలేదు.

కాళీ పూజ అయ్యాక జోగారావుతో దెబ్బలాడదామని ఖరిదా వెళ్ళాను. నిమాయి తోడొచ్చాడు. నా మాట విని జోగారావు ముఖం పాలిపోయింది.

"నానేటి సేసినాను బావా? నువ్వడిగినావు, నానిచ్చినాను. మనోడివని." గొంతు తగ్గించి అన్నాడు. "నీ పేరు సెప్పుకొని సాలామంది వచ్చినారు. నీ కళ్ళు సూసినారంట. మీ వీధిలోనే ముగ్గురు అట్టుకెల్తన్నారు."

కొట్టడానికి వెళ్ళినవాణ్ణి షాపు మెట్టు మీద కూలబడ్డాను. కళ్ళ పరీక్షలో నెగ్గి క్రేనెక్కినప్పుడు జోగారావు మందు గురించి నేను ఎందరి దగ్గర గొప్పలు చెప్పుకున్నానో అప్పుడు గుర్తొచ్చింది. ఆ ముగ్గురి పేర్లూ అడిగి తీసుకున్నాను.

మొదట వెల్డర్ సన్యాసి ఇంటికి వెళ్ళాం. నాకంటే పదేళ్ళు చిన్నవాడు. ఆ రోజు సెలవు, గుమ్మంలో కూర్చుని గడ్డం గీసుకుంటున్నాడు. కళ్ళు తెల్లగా తళతళలాడుతున్నాయి. నేను చెప్పిందంతా విని నవ్వాడు.

"నీకు అందరిమీదా అనుమానమే అన్నా. ఇప్పుడు మందు మీద కూడానా? జోగారావు మనోడు. నాకు కళ్ళు బేషుగ్గా ఉన్నాయి, దూరంగా ఉన్న అక్సరాలు కూడా సదువుతాను."

నాలాంటి వాడి మాట ఎవరు నమ్ముతారు? పక్కనున్న నిమాయికి సైగ చేశాను.

"సన్యాసీ, నా ముఖం చూడు. నేను నిన్నే చూస్తున్నానా?"

"చూస్తన్నావు."

"నా ఎడమపక్కన ఎవరున్నారు?"

"నిమాయి."

"ఏం చేస్తున్నాడు?"

సన్యాసి చేతిలోని కత్తి కింద పెట్టాడు. ఒకసారి నా పక్కకి, ఒకసారి నా కళ్ళలోకి చూశాడు. చెప్పమన్నాను.

"నీ చెవి కాడ చెయ్యి ఊపుతన్నాడు అన్నా," అన్నాడు. "నీకు కనబడతం లేదా?"

"లేదు," అన్నాను.

సన్యాసి సగం గీసిన గడ్డంతోనే లేచి లోపలికి వెళ్ళి, సీసా తెచ్చి నా చేతిలో పెట్టాడు.